కారు నడుస్తుండగా మాడు వాసన వస్తే: ఎలా కనిపెట్టాలి, ఏం చేయాలి

అరకు నుంచి అనంతగిరి మీదుగా శృంగవరపుకోట వైపు ఘాట్ దిగుతున్నాం. ముందు ఒక లోడు లారీ. ముక్కు మండించే వాసన వస్తుంటే లారీ బ్రేకులు కాలుతున్నాయనుకుని అద్దాలు ఎత్తించాను. రెండు మలుపుల తర్వాత లారీ పక్కకు ఆగింది, మేం దాటి వచ్చేశాం. వాసన మాత్రం మాతోనే వచ్చింది. ఆ తర్వాతి మలుపులో బ్రేకు తొక్కితే పెడల్ ఎప్పటికంటే లోతుకు, మెత్తగా దిగిపోయింది. రెండో గేరుకు దించి, హ్యాండ్ బ్రేక్ కొంచెం కొంచెంగా లాగుతూ, కొండ వైపు కాస్త వెడల్పున్న చోట ఆపగలిగాను. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు.

ఆ వాసన మన బండిది కాదులే అనుకున్న ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. ఈ వ్యాసం అందుకే. పోపు మాడిందో, పాలు పొంగాయో, అన్నం అడుగంటిందో వంటింట్లోకి వెళ్లకుండానే చెప్పగల ముక్కు మనందరికీ ఉంది. కారు విషయంలోనూ అదే ముక్కు పనికొస్తుంది. వాసన ఎలాంటిది, అది వచ్చినప్పుడు మీరు కారుతో ఏం చేస్తున్నారు, ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే బోనెట్ ఎత్తకముందే సగం రోగం దొరుకుతుంది.

మొదటి రెండు నిమిషాలు

"ఇంకా పది కిలోమీటర్లేగా, ఇంటికెళ్లి చూద్దాం" అనకండి. ఈ వరుసలో చేయండి.

1. హజార్డ్ లైట్లు వేసి, అద్దంలో వెనక చూసుకుంటూ నెమ్మదిగా ఎడమకు రండి. సడెన్ బ్రేకు వద్దు. ఔటర్ రింగ్ రోడ్డు మీదో, హైవే మీదో వెనకొచ్చే బళ్లు వంద దాటిన వేగంతో ఉంటాయి.

2. ఆపే చోటు చూసుకోండి. ఎండుగడ్డి, రాలిన ఆకులు, ఆరబోసిన వరిగడ్డి ఉన్న చోట ఆపకూడదు. కారు కింద సైలెన్సర్ గొట్టం, దానికి ముందుండే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వందల డిగ్రీల వేడి మీద ఉంటాయి. గడ్డికి అంటుకోవడానికి అది చాలు. నీడ కోసమనో, మనుషులుంటారనో పెట్రోల్ బంకులోకి మాత్రం పోనివ్వద్దు.

3. ఇంజన్ ఆపే ముందే కిటికీ అద్దాలన్నీ దించేయండి, డోర్ లాకులు తీసేయండి. వైరింగ్ కాలుతున్నట్టయితే మరో నిమిషానికి అద్దాలు దిగకపోవచ్చు, లాకులు పనిచేయకపోవచ్చు. ఆ తర్వాతే ఇంజన్ ఆపండి.

4. అందరూ ఎడమవైపు తలుపుల నుంచి దిగాలి. పిల్లల్ని, పెద్దవాళ్లని ముందు దించి, రోడ్డు పక్క రెయిలింగ్ ఉంటే దాని అవతల, కారుకు కనీసం వంద అడుగుల దూరంలో నిలబెట్టండి. బ్యాగులు, ఫోన్ ఛార్జర్ల కోసం వెనక్కి వెళ్లొద్దు.

5. బోనెట్ అంచుల్లోంచి దట్టంగా పొగ వస్తుంటే, మంట కనిపిస్తుంటే బోనెట్ ఎత్తకండి. లోపల ఊపిరాడక కునుకుతున్న మంటకు ఒక్కసారిగా గాలి అందితే అది మీ మొహం మీదికే లేస్తుంది. మంటలార్పే సిలిండర్ చేతిలో ఉండి, పొగ ఇంకా పలచగానే ఉంటే, లోపలి లివర్ లాగి బోనెట్ ఒక అంగుళం తెరుచుకోనిచ్చి ఆ సందులోంచే పౌడర్ కొట్టండి. అంతకు మించితే కారు వదిలేసి దూరంగా వెళ్లడమే. ఫైర్ స్టేషన్‌కు 101, ఏ అత్యవసరానికైనా 112, జాతీయ రహదారి మీదైతే 1033.

6. పొగా మంటా ఏమీ లేకపోతే ఒక ఐదు నిమిషాలు దూరం నుంచి గమనించి, అప్పుడు దగ్గరికి రండి.

సీఎన్జీ కారు ఉన్నవాళ్లకు ఒక మాట. కుళ్లిన క్యాబేజీ లాంటి వాసన వస్తే అది కాలుతున్న వాసన కాదు, గ్యాస్ లీకు. స్విచ్చులేవీ ముట్టుకోకుండా ఇంజన్ ఆపి దిగిపోండి. సిలిండర్ దగ్గరి వాల్వు ఎక్కడుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో ముందే నేర్చుకుని ఉంటే దాన్ని కట్టేయండి.

ఆ వాసన మనదేనా?

దారి పక్కన కొయ్యకాళ్లు తగలబెడుతుంటారు, మున్సిపాలిటీ చెత్తకుప్ప పొగలు కక్కుతుంటుంది, ముందు లారీ బ్రేకులు కాలుతుంటాయి. అందుకే అనుమానం మంచిదే, కానీ తేల్చుకోవాలి. ఏసీలో గాలి లోపలే తిరిగే బటన్ నొక్కండి. బయటి వాసనైతే ఆ చోటు దాటాక రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. రోడ్డు మారినా, ముందు బండి మారినా వాసన వదలకపోతే అది మీ కారుదే, ఆపాల్సిందే.

ఇదే బటన్ ఇంకో సంగతీ చెబుతుంది. బయటి గాలి లోపలికొచ్చే దారి ముందు అద్దం అడుగున, వైపర్ల దగ్గర ఉంటుంది. అంటే ఇంజన్ గదికి ఆనుకునే. బయటి గాలి పెట్టినప్పుడు వాసన పెరిగి, లోపలి గాలికి మార్చినప్పుడు తగ్గితే ముందు ఇంజన్ వైపు చూడండి. లోపలి గాలి పెట్టినా అలాగే ఉంటే డ్యాష్‌బోర్డు కింద, సీట్ల కింద ఉన్న వైరింగ్‌నో, ఏసీ గాలి విసిరే బ్లోయర్‌నో అనుమానించండి. కారు ఆపి దిగాక నాలుగు చక్రాల దగ్గరా, ముందు జాలీ దగ్గరా, వెనక సైలెన్సర్ దగ్గరా ఒక్కో చుట్టు తిరిగి వాసన చూడండి. ఎక్కడ ఘాటుగా ఉందో అక్కడే మొదలుపెట్టాలి.

చక్రాల దగ్గర ఘాటు వాసన: బ్రేకులు

ఘాట్ దిగేటప్పుడు వచ్చే వాసనల్లో ఎక్కువ భాగం ఇదే. పాత గోనెసంచి కాలినట్టు, అందులో ఇనుము వాసన కలిసినట్టు ఉంటుంది. ముందుగా హ్యాండ్ బ్రేక్ పూర్తిగా దించారో లేదో చూడండి. లివరు ఒక్క పన్ను (ఒక్క క్లిక్) మేర పైన మిగిలినా వెనక బ్రేకులు రాసుకుంటూనే ఉంటాయి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

తర్వాత నాలుగు చక్రాలకూ అరచేతిని దగ్గరగా పెట్టి వేడి చూడండి. ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది. నాలుగూ సమానంగా కాలుతుంటే మీరు దిగిన పద్ధతిలో తప్పుంది. ఒక్కటే కాలుతూ మిగతావి మామూలుగా ఉంటే ఆ చక్రం బ్రేకు పట్టేసింది. అలా పట్టేసిన చక్రం వైపు కారు లాగుతుంటుంది, మైలేజీ పడిపోతుంది, ఆ రిమ్ము మీద నల్లటి పొడి ఎక్కువగా కనిపిస్తుంది.

కాలిన బ్రేకుల మీద నీళ్లు పోసే అలవాటు మన రోడ్ల మీద చాలా ఉంది. దయచేసి పోయకండి. ఎర్రగా కాగిన డిస్కు మీద చల్లటి నీళ్లు పడితే వంగిపోవచ్చు, పగలొచ్చు. తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. గాలికే చల్లారనివ్వండి, అరగంట పైనే పడుతుంది. ఆ అరగంటా హ్యాండ్ బ్రేక్ కూడా లాగి ఉంచొద్దు, వేడి మీద పట్టుకుపోయి వదలకపోవచ్చు. గేరులో పెట్టి, టైర్ల కింద రాళ్లు పెట్టండి. బయల్దేరేముందు ఆ రాళ్లు రోడ్డు మీద వదిలేయకుండా తీసి పక్కన పడేయండి, వెనకొచ్చే బైకువాళ్ల కోసం.

అరకు ఘాట్లో నా పెడల్ ఎందుకు మెత్తబడిందో చెబుతాను, ఎందుకంటే అది డిస్కును నొక్కే ప్యాడ్ల తప్పు కాదు. బ్రేకు గొట్టాల్లో ఉండే ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 155 డిగ్రీలకే మరగొచ్చు. ఘాట్ దిగేటప్పుడు ఆ వేడి సులువుగా వస్తుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. మీ కాలి బలం చక్రానికి చేరకుండా ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. నేను నాలుగేళ్లుగా ఆ ఆయిల్ మార్పించలేదు. రెండేళ్లకోసారి మార్పించండి. ఇంజన్ ఆయిల్ గురించి అడిగినంతగా దీని గురించి ఎవరూ అడగరు, అందుకే మరుగున పడిపోతుంది.

ఇక దిగే పద్ధతి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క, ఇప్పటికీ అదే సరైనది. రెండో గేరులోనో, మూడో గేరులోనో పెట్టి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే ఇంజనే కారును పట్టి ఆపుతుంది. బ్రేకును నిమిషాల తరబడి సన్నగా తొక్కి ఉంచే బదులు, గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి, మళ్లీ అవసరమైనప్పుడు తొక్కండి. మధ్యలో దొరికే ఆ విరామంలోనే డిస్కు చల్లబడుతుంది. ఆటోమేటిక్ కార్లలో మాన్యువల్ మోడ్‌కో, 'ఎల్' గుర్తుకో మార్చుకోండి. న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఆదా అవుతుందనేది ఈనాటి ఇంజెక్షన్ ఇంజన్లకు వర్తించదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కు ఇంధనం ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఖర్చవుతుంది. ఇంజన్ ఆపేసి దిగడమైతే ప్రాణాలతో ఆట. బ్రేకుకు ఇంజన్ ఇచ్చే తోడ్పాటు రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. తిరుమల కొండ దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కింద చేరకూడదని పెట్టిన నియమాన్ని పోలీసు తంటాగా చూడకండి. ఆ నిదానంలోనే మీ బ్రేకులకు ఊపిరాడుతుంది.

ఒక్క చక్రమే కాలుతుంటే బాగుచేయించాల్సింది ఇది: ముందు డిస్కులైతే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు తుప్పుపట్టి జారడం మానేసి ఉంటాయి, లేదా పిస్టన్ లోపలికి తిరిగి వెళ్లడం లేదు. పిన్నులు తీసి శుభ్రం చేసి, బ్రేకులకు పెట్టే వేడి తట్టుకునే గ్రీజు పూయించాలి, మామూలు గ్రీజు కరిగి కారిపోతుంది. వెనక డ్రమ్ములైతే హ్యాండ్ బ్రేక్ కేబుల్, బ్రేకు షూలు, వీల్ సిలిండర్ లీకు చూపించండి. పని అయ్యాక జాకీ మీద చక్రం ఎత్తి చేత్తో తిప్పించండి. సన్నగా రాసుకున్న చప్పుడున్నా ఫర్వాలేదు కానీ బలవంతాన తిరగకూడదు.

ఎక్కేటప్పుడు, ఇరుక్కున్నప్పుడు: క్లచ్

కాగితాల కట్ట కాలినట్టు ఉండే ఈ వాసన ఎక్కడ వస్తుందో చెబితే మీకే తెలిసిపోతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద రివర్స్ చేసేటప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కుడు మీద ట్రాఫిక్ ఆగి ఆగి కదిలేటప్పుడు, వానాకాలం పొలం దారి బురదలో టైరు తిరుగుతున్నప్పుడు. సగం క్లచ్ మీద కారును నిలబెడుతున్నారన్నమాట.

ఒకసారి వాసన వచ్చినంత మాత్రాన క్లచ్ ప్లేటు పోయినట్టు కాదు. ఇరవై నిమిషాలు ఆపి చల్లారనివ్వండి. తర్వాత ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద మూడో గేరులో ముప్పై, నలభై వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఇంజన్ రొద పెరిగి, మీటరులో ముల్లు లేచి, కారు మాత్రం ఆ లెక్కన అందుకోకపోతే ప్లేటు జారుతోంది. మార్చాల్సి వస్తే ప్లేటొక్కటే కాకుండా ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కలిపి సెట్టుగా వేయించండి. గేర్‌బాక్సు దించే కూలీ ఎలాగూ ఒకటే, బేరింగ్ కోసం ఆర్నెల్లకు మళ్లీ దించుకోవడం దండగ.

ఎక్కుడు మీద ఆగినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి కూర్చోండి. కదిలేటప్పుడు క్లచ్ పట్టుకున్న కుదుపు తెలిశాకే దించండి. ఏఎంటీ (గేర్లు, క్లచ్ తనే చూసుకునే) కార్లు నడిపేవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అందులో క్లచ్ పెడల్ లేదు కానీ క్లచ్ ఉంది. ఎక్కుడు మీద బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తో కారును నిలబెడితే లోపల ప్లేటు అలాగే కాలుతుంది.

ప్లాస్టిక్ కాలిన వాసన: వైరింగ్

నాకు అన్నిటికంటే భయం ఇదంటేనే. నూనె వాసన రోజుల తరబడి హెచ్చరిస్తుంది, క్లచ్ నెలల తరబడి. వైరు అంత గడువు ఇవ్వదు. ప్లగ్గు కాలినట్టు, ముక్కులో చురుక్కుమనే వాసన లోపలే మొదలైతే వెంటనే ఆపి దిగండి. మళ్లీ స్టార్ట్ చేసి "చూద్దాం" అనకండి. ఇంజన్ చల్లగానే ఉండి పొగలేమీ లేకపోతే బ్యాటరీ నల్ల వైరు, అంటే నెగటివ్ టెర్మినల్, 10 నంబర్ పానాతో విప్పేయండి. ఎర్ర వైరు ముందు విప్పబోతే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

ఇప్పుడు గుర్తు చేసుకోండి: వాసనకు ముందు ఏ స్విచ్ వేశారు? ఆ జవాబులోనే కారణం చాలాసార్లు ఉంటుంది.

ఏసీ బ్లోయర్ ఒకటి, రెండు, మూడు నంబర్ల మీద తిరగకుండా చివరి నంబరు మీద మాత్రమే తిరుగుతుంటే బ్లోయర్ వేగాన్ని తగ్గించే రెసిస్టర్ పోయింది, దాని కనెక్టర్ కూడా కరిగి ఉండొచ్చు. అది సాధారణంగా ఎడమ సీటు ముందు, గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. రెసిస్టర్ ఒక్కటే మార్చి కరిగిన కనెక్టర్ అలాగే తగిలిస్తే మూడు నెలల్లో మళ్లీ వస్తారు. మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోందేమో కూడా చూపించండి.

హెడ్‌లైట్లు వేశాక వాసన వస్తే బల్బుల మీద రాసిన వాట్లు చూడండి. హెచ్4 రకం బల్బు హోల్డర్‌కు కంపెనీ ఇచ్చేది 60/55 వాట్ల బల్బు. వెలుతురు చాలట్లేదని 100/90 వేయించుకుంటాం. 12 వోల్టుల మీద 60 వాట్లకు 5 ఆంపియర్లు, 100 వాట్లకు 8 ఆంపియర్ల పైన కరెంటు పారుతుంది. వైరులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అదే సన్నటి వైరు రెండున్నర రెట్లకు మించి కాగుతుంది. హోల్డర్ కరగక ఏం చేస్తుంది? పైగా ఆ బల్బులు రోడ్డు మీద చట్టవిరుద్ధం కూడా. తీసేసి 60/55 వేయించండి, హెడ్‌లైటు అద్దం పసుపెక్కి ఉంటే పాలిష్ చేయించండి. వెలుతురు తేడా అక్కడే ఎక్కువ.

బయట అదనంగా వేయించుకున్నవి, అంటే మ్యూజిక్ సిస్టమ్, యాంప్లిఫయర్, ఫాగ్ లైట్లు, రివర్స్ కెమెరా, పెద్ద హారన్, వీటి వైర్లు ఎక్కడి నుంచి కరెంటు తీసుకున్నాయో చూపించుకోండి. అసలు వైరు తొక్క గీరి, దాని చుట్టూ చుట్టి, పైన టేపు వేసి ఉంటే అది మన ఎండలకు జిగురు వదిలి ఊడుతుంది. ప్రతి అదనపు వస్తువుకూ సొంత ఫ్యూజు, పెద్ద లోడైతే రిలే (ఎక్కువ కరెంటును విడిగా మోసే స్విచ్) ఉండాలి. మా బంధువుల కారులో రాత్రిపూట ఆంప్లిఫయర్ వైరు సీటు పట్టాల మధ్య నలిగి తొక్క చీలింది. దానికి ఫ్యూజు లేదు. సీటు స్పాంజి మాడుతుంటే వెనక కూర్చున్న పెద్దావిడ పసిగట్టి అరవబట్టి అందరూ దిగారు.

ఫ్యూజు పోతే అదే సైజు వేయాలి. రంగులు గుర్తుంచుకోవడం తేలిక: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఎరుపు మాటిమాటికీ పోతోందని ఆకుపచ్చ పెట్టడం, రాగితీగ చుట్టడం అంటే ఫ్యూజు బదులు వైరునే కాలమని చెప్పడం. ఫ్యూజు పదే పదే పోతుందంటే ఎక్కడో షార్ట్ ఉంది. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని ఆ షార్ట్ దొరికే దాకా వెతికించుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్లోకి చూడటం మరవొద్దు. పిల్లలు పడేసిన రూపాయి బిళ్ల అక్కడ షార్ట్ చేయగలదు, వదులైన చవక ఛార్జర్ అక్కడే కరుగుతుంది.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే బ్యాటరీ వైపు చూడండి. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజీ కొలిపించండి. 14 దరిదాపుల్లో ఉండాలి. 15 దాటుతుంటే డైనమో అతిగా ఛార్జ్ చేస్తోంది, బ్యాటరీలో యాసిడ్ ఉడుకుతోంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. బ్యాటరీ బాగుండీ అదే వాసన వెనక సైలెన్సర్ నుంచి వస్తుంటే క్యాటలిటిక్ కన్వర్టర్ చూపించాలి.

కమురు వాసన: ఇంజన్ ఆయిల్

బజ్జీల మూకుడులో నూనె మాడినట్టు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎక్కువ తెలుస్తుంది, కదిలితే గాలికి పోతుంది. సర్వీసింగ్ అయిన రెండు రోజుల్లోపే వస్తే, ఆయిల్ పోసేటప్పుడు ఒలికింది కాలుతూ ఉండొచ్చు, తగ్గిపోతుంది. అయినా ఫిల్టర్ దగ్గర, అడుగున డ్రెయిన్ బోల్టు దగ్గర తడి ఉందేమో ఒకసారి చూపించండి. వాషర్ మార్చకుండా అదే బోల్టు బిగించేస్తుంటారు.

వాసన వారాల తరబడి ఉంటే ముందు అనుమానం ఇంజన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ మీద. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి, ఆయిల్ చెమర్చి, పక్కనే కాగుతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద బొట్లు బొట్లుగా పడుతుంది. ప్యాకింగ్ చవకే, పని గంటా గంటన్నర. బోల్టులు మరీ బిగిస్తే కొత్త ప్యాకింగ్ కూడా నలిగి కారుతుంది, కాబట్టి ఎంత బిగించాలో కొలిచి బిగించే టార్క్ పానా ఉన్న షెడ్డు చూసుకోండి.

ఎక్కడి నుంచి ఏం కారుతోందో తేల్చడానికి ఒక పాత అట్టపెట్టె చాలు. రాత్రి ఇంజన్ కింద పరిచి, ఏ చివర ముందుకుందో గుర్తు పెట్టండి. పొద్దున ముదురు గోధుమ రంగు మరకైతే ఇంజన్ ఆయిల్, ఆకుపచ్చో గులాబీయో అయితే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), చక్రం దగ్గర లేత రంగులో జారుడుగా ఉంటే బ్రేకు ఆయిల్. వట్టి నీళ్లైతే ఏసీవి, వాటితో బాధ లేదు. బ్రేకు ఆయిల్ మరక కనిపిస్తే ఆ కారు నడిపించుకుని షెడ్డుకు వెళ్లకండి, మెకానిక్‌నే పిలిపించండి.

డిప్‌స్టిక్ చూసే అలవాటు లేకపోతే ఇప్పుడు చేసుకోండి. చదును నేల మీద, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు, తుడిచి మళ్లీ ముంచి చూడండి. రెండు గీతల మధ్య ఉండాలి.

తియ్యటి వాసన

పాకం పట్టేటప్పుడు వచ్చే లాంటి తియ్యటి ఆవిరి వాసన వస్తూ టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే కూలెంట్ కారుతోంది. ఏసీ ఆపి, దగ్గర్లో ఆగి, ఇంజన్ ఆపండి. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకండి. లోపల ఒత్తిడి మీద ఉన్న ద్రవం మూత వదులవ్వగానే మరిగి ఎగజిమ్ముతుంది, మొహాలు కాలిపోయిన మెకానిక్కులున్నారు. కనీసం ముప్పావు గంట ఆగి, పైపు చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక, గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పండి. ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంటే, కారు లోపలికి వేడి గాలినిచ్చే హీటర్ కోర్ లీకు. ఒలికిన కూలెంట్ కడిగేయండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం.

రబ్బరు వాసన

కీచుమన్న చప్పుడుతో కలిసి వస్తే ఫ్యాన్ బెల్టు. బెల్టు వదులైనా, అది తిప్పే డైనమో, ఏసీ కంప్రెసర్ బేరింగుల్లో ఒకటి బిగుసుకున్నా రాసుకుని కాలుతుంది. ఏసీ ఆపగానే చప్పుడు ఆగితే కంప్రెసర్ మీద అనుమానం. బెల్టు కొత్తది వేసే ముందు అన్ని పుల్లీలూ చేత్తో తిప్పి చూడమని అడగండి. చప్పుడు లేకుండా రబ్బరు వాసనైతే టైరు లోపలి అంచు దేనికో రాసుకుంటోంది, లేదా గాలి బాగా తగ్గింది.

గడ్డి, కవర్లు, ఎలుక గూళ్లు

ఇది మన రోడ్ల ప్రత్యేక సమస్య, కంపెనీ పుస్తకంలో దొరకదు. వరికోతల రోజుల్లో నల్గొండ, కరీంనగర్, గోదావరి జిల్లాల పల్లె రోడ్ల మీద ధాన్యం, గడ్డి పరుస్తారు. పైనుంచి పోనిస్తే గడ్డి కారు కింద యాక్సిల్ షాఫ్టుకు చుట్టుకుని, కన్వర్టర్‌కు ఆనుకుంటుంది. ఆ వేడికి ముందు మాడుతుంది, తర్వాత అంటుకుంటుంది. రైతులకు ఆరబెట్టుకునే చోటు లేకే రోడ్డెక్కుతున్నారు, వాళ్లతో తగువు వద్దు. మీరే పక్కనుంచి పోనివ్వండి. దారి లేక తొక్కాల్సి వస్తే, దాటాక ఒక కిలోమీటరులోపే గడ్డి లేని చోట ఆపి వంగి కిందికి చూడండి. వేలాడుతుంటే పొడుగాటి కర్రతో లాగండి, చేత్తో కాదు.

సైలెన్సర్‌కు పాలిథిన్ కవరు అతుక్కుంటే వారం పది రోజులు ప్లాస్టిక్ వాసన వస్తుంది, వైరింగ్ అనుకుని హడలిపోతాం. తేడా ఏమిటంటే ఇది ఇంజన్ బాగా వేడెక్కాకే వస్తుంది, స్విచ్చులతో సంబంధం ఉండదు. పూర్తిగా చల్లారాక చెక్క ముక్కతో గీకేయండి.

కారు పది రోజులు కదలకుండా ఉంటే ఎలుకలు ఇంజన్ మీద గుడ్డపీలికలు, కొబ్బరి పీచు తెచ్చి గూడు కడతాయి, వైర్లు కొరుకుతాయి. ఊరి నుంచి వచ్చాక స్టార్ట్ చేసే ముందు బోనెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. కొరికిన వైరు కనిపిస్తే టేపు చుట్టి సరిపెట్టకండి, ఆ ముక్క మార్పించండి.

భయపడక్కర్లేనివి

కొత్త కారు మొదటి కొన్ని వందల కిలోమీటర్లు కొంచెం మాడు వాసన వేస్తుంది, సైలెన్సర్ మీది పూతలు కాలడం వల్ల. కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించినా రెండు మూడు రోజులు అంతే. 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. అందులో నిండిన మసిని కారే అప్పుడప్పుడు కాల్చుకుంటుంది. ఆ సమయంలో వెనక వేడి వాసన వస్తుంది, ఫ్యాను గట్టిగా తిరుగుతుంది, ఐడిల్ (కారు ఆగి ఉన్నప్పటి ఇంజన్ వేగం) కొంచెం పెరుగుతుంది. అప్పుడు ఆపేయకుండా హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే పని పూర్తవుతుంది. వాసనతో పాటు పొగ కనిపించినా, డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగినా ఈ లెక్కలోకి రాదు, ఆపాల్సిందే.

షెడ్డుకు వెళ్లాక

"ఏదో వాసన వస్తోంది, చూడండి" అంటే ఏదో ఒకటి మార్చి పంపిస్తారు. ఇలా చెప్పండి: "చల్లటి ఇంజన్‌తో రాదు, అరగంట నడిపాక వస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే పెరుగుతుంది, ఏసీ వేసినా తీసినా తేడా లేదు, నూనె మాడినట్టు ఉంటుంది." ఫోన్‌లో రాసుకుని వెళ్లినా తప్పులేదు. షెడ్డులో కారు నిలబెట్టి వాసన చూస్తే చాలాసార్లు ఏమీ తెలియదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వాసన వచ్చే రోడ్డు మీదికే తీసుకెళ్లండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకుని, ఎక్కడ కాలిందో, ఎక్కడ అరిగిందో ఆయన చేతే చూపించుకోండి.

డిక్కీలో కాకుండా డ్రైవర్ సీటుకు అందేలా ఒక కిలో డ్రై పౌడర్ సిలిండర్ బిగించుకోండి, దాని మీటరు ముల్లు పచ్చ రంగులో ఉందో లేదో నెలకోసారి చూడండి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి కూడా అక్కడే ఉంచండి. కొట్టాల్సింది పక్క అద్దం మూలన. ముందు అద్దం మధ్యలో పొర ఉంటుంది, అది బీటలు వారుతుందే తప్ప రాలదు.

బాగుచేయించిన రోజే కుటుంబంతో దూరం బయల్దేరకండి. ఒక్కరే యాభై కిలోమీటర్లు తిప్పండి, ఆపిన ప్రతిసారీ నాలుగు చక్రాల దగ్గరా, బోనెట్ దగ్గరా ముక్కు పెట్టి చూడండి. ఆ రాత్రి మళ్లీ అట్ట పరవండి. పొద్దున అది పొడిగా ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ నిన్నటి గీత దగ్గరే ఉంటే, పిల్లల్ని ఎక్కించుకోండి.